చెట్టు మీదికి ఏ చిన్న కోత మిషన్ తీసుకోవాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కావలి చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ తోటల్లో నాలుగేళ్ళుగా 58 సీసీ చైను రంపం మిషన్‌తో నేల మీద నిలబడి కోస్తున్నావు. ఇప్పుడు ఊళ్ళో ఇళ్ళ మధ్య ఉన్న చెట్లకు పిలుపులు వస్తున్నాయి. అక్కడ చెట్టును నిలువునా పడేసే చోటు ఉండదు, పైకెక్కి ముక్కలుగా దించాలి. అందుకని ఒంటిచేత్తో పట్టుకుని కోసే చిన్న మిషన్ ఒకటి కొందామనుకుంటున్నావు. ఆన్‌లైన్‌లో దొరికే 25 సీసీదా, కంపెనీ 35 సీసీదా, బ్యాటరీదా అని అడిగావు.

నేను నెల్లూరులో ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మా మామ తాటిచెట్లు ఎక్కేవాడు. మోకు వేసుకుని చెట్టెక్కడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, రంపం తర్వాత వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకో, కింద మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ముందు ఆ ‘ఒంటిచేత్తో’ అన్న మాట తీసేద్దాం. పైపిడి మిషన్, అంటే పిడి వెనక కాకుండా ఇంజిన్ నెత్తిన ఉండేది, ఒంటిచేత్తో వాడడానికి చేసింది అనుకుంటారు చాలామంది. కాదు. దానికీ రెండు పిడులు ఉన్నాయి, రెండు చేతులూ పెట్టి కోయాల్సిందే. పిడి పైన పెట్టడానికి కారణం వేరు. కొమ్మల మధ్య ఇరుకులో వెనకపిడి మిషన్ పొడుగెక్కువై మోచెయ్యి ఎక్కడో తగులుకుంటుంది. పైపిడి మిషన్ పొట్టిగా ఉంటుంది, బరువంతా చేతి కిందే ఉంటుంది, ఒంటికి దగ్గరగా పెట్టుకుని కోయవచ్చు. అంతవరకే దాని ఉపయోగం.

కానీ ఆ పొట్టితనంలోనే ప్రమాదం ఉంది. బారు, అంటే చైను చుట్టూ తిరిగే పొడుగాటి ఇనుప పట్టీ, దాని మొన పైమూల ఇంకో కొమ్మకు తగిలితే చైను అక్కడ పట్టుకుని మిషన్‌ను మన మొహం వైపు ఎగదన్నుతుంది. నీ 58 సీసీ మిషన్‌కు రెండు పిడుల మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఆ తన్నును ఆపుకోవడం కొంత తేలిక. చిన్నదానికి రెండు పిడులూ దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండు చేతులతో పట్టుకున్నా ఆపడం కష్టమే. ఇక ఒక చేత్తో పట్టుకుంటే? పైగా ఒక చేత్తో కోసేవాడి రెండో చెయ్యి ఏం చేస్తూ ఉంటుందో చూడు. కోసే కొమ్మనే పట్టుకుని ఉంటుంది. మా వాళ్ళలో ఎడమ చేతి మీద గాటు మచ్చ లేనివాడిని వెతకాలి. నాకూ ఉంది, బొటనవేలి మొదట్లో, ఏడు కుట్లు. ఇందుకే ఈ చిన్న మిషన్‌ను నేల మీద పనికి వాడవద్దని కంపెనీ పుస్తకంలోనే రాస్తారు. నేల మీదికి నీ పెద్దది ఎటూ ఉంది.

ఇప్పుడు అసలు విషయం. నేల మీద మిషన్ కొనేటప్పుడు ఎంత మందం కోస్తుంది, ఎంత స్పీడు అని చూస్తాం. చెట్టు మీద పనిలో రోజంతా లెక్క వేస్తే చైను తిరిగే సమయం చాలా తక్కువ. మిగతా సమయమంతా అది నీ నడుముకు వేలాడుతూ ఉంటుంది, లేదా నువ్వు దాన్ని మళ్ళీ స్టార్ట్ చేస్తూ ఉంటావు. కాబట్టి ఎలా వేలాడుతుంది, ఎలా స్టార్ట్ అవుతుంది, వదలగానే చైను నిలుస్తుందా లేదా: ఈ మూడూ చూసి కొను. కోత సంగతి తర్వాత. పదునున్న చైను వేస్తే 30 సీసీ మిషన్ ఏదైనా కోస్తుంది.

మూడోది ఎందుకంత గట్టిగా చెబుతున్నానో చెబుతాను. 2011లో కోవూరు దగ్గర ఒక ఇంటి వెనక చింతచెట్టు. నా దగ్గర అప్పట్లో చవగ్గా కొన్న చిన్న మిషన్ ఉండేది, దాని పేరు ఇప్పుడు అనవసరం. చల్లబడితే మళ్ళీ స్టార్ట్ కావడానికి పది పదిహేను లాగుళ్ళు పట్టేది. ఆ బాధ పడలేక ఐడిల్ కొంచెం పెంచి, ఆగిపోకుండా పెట్టుకున్నాను. ఐడిల్ పెరిగితే క్లచ్ పూర్తిగా వదలదు, ఆక్సిలేటర్ వదిలేసినా చైను మెల్లగా పాకుతూ ఉంటుంది. నాకది తెలుసు, తెలిసే పెట్టుకున్నాను. ఒక కొమ్మ కోసి, మిషన్‌ను అలాగే రన్నింగ్‌లో నడుముకు తగిలించి, పక్క పంగలోకి కాలు మార్చాను. బారు తిరిగి నా తాడుకు ఆనుకుంది. శబ్దం ఏమీ రాలేదు. కింద నుంచి మామ ‘ఒరే తాడు, తాడు చూసుకో’ అని అరిచాడు. చూస్తే తాడు పై పొర పిడికెడు పొడుగున విచ్చుకుపోయి లోపలి నూలు తెల్లగా, దూదిలా బయటికి వచ్చి ఉంది. ఇంజిన్ ఆపి, మానును రెండు చేతులా కౌగిలించుకుని, మామ రెండో తాడు పైకి పంపేదాకా అట్టాగే ఉన్నాను. ఎర్రచీమలు మెడ మీద కుడుతున్నా చెయ్యి తీయలేదు.

అందుకని దుకాణంలో మిషన్ చూసేటప్పుడు ముందు స్టార్ట్ చేయించు. రెండు నిమిషాలు వేడెక్కనివ్వు. ఒకసారి పూర్తిగా ఆక్సిలేటర్ ఇచ్చి వదులు. చైను వెంటనే నిలవాలి, ఐడిల్‌లో ఒక్క పన్ను కూడా కదలకూడదు. ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ స్టార్ట్ చేయి. రెండు మూడు లాగుళ్ళలో అందుకోకపోతే వదిలేయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించడం ప్రతివాడూ చేస్తాడు. వేడిగా ఉన్న ఇంజిన్ మన ఎండలో, మే నెలలో, ముప్పై అడుగుల ఎత్తున ఎలా అందుకుంటుందన్నదే పరీక్ష.

చైను బ్రేకు కూడా అక్కడే చూడు. ముందున్న గార్డును మణికట్టుతో నెడితే చైను టక్కున ఆగాలి. చెట్టు మీద బ్రేకు వేయకుండా స్టార్ట్ చేయకూడదు, బ్రేకు వేయకుండా నడుముకు తగిలించకూడదు. చెట్టు పనిలో ఇంకో అలవాటు కూడా చెబుతాను. మొదటి స్టార్ట్ ఎప్పుడూ కిందే. కింద వేడెక్కించి, ఆపి, తాడు కట్టి పైకి పంపమను. పైకొచ్చాక ఒకటి రెండు లాగుళ్ళలో అందుకుంటుంది. మిషన్‌ను గాల్లోకి విసురుతూ తాడు లాగి స్టార్ట్ చేసే స్టైలు కొందరికి ఉంటుంది. నేల మీద కూడా అది పనికిరాదు, పైన అసలే పనికిరాదు.

వేలాడడం గురించి. కంపెనీవాళ్ళు చెప్పే బరువు ఖాళీ మిషన్‌ది. బారు, చైను, పెట్రోలు, ఆయిల్ పడ్డాక దాదాపు ఒక కేజీ కలుపుకో. మూడున్నర కేజీలు అని రాసి ఉంటే నీ నడుము మీద నాలుగున్నర. మధ్యాహ్నానికి అది పది కేజీలవుతుంది, అది నా నడుము లెక్క. ఇక మిషన్ వెనక తాడు తగిలించడానికి ఇనుప రింగు ఉందా చూడు. మంచి పైపిడి మిషన్లకు ఆ పని కోసమే రింగు బిగించి ఉంటుంది. చవక మిషన్లలో కొన్నింటికి ఉండదు, ఉన్నా ప్లాస్టిక్ ఒంటికి ఒక స్క్రూతో ఉంటుంది. రింగు లేదని పిడికే తాడు కట్టి వేలాడదీస్తారు మనవాళ్ళు. అప్పుడది బారు కిందికి కాకుండా అడ్డంగా వేలాడి, ప్రతి పంగలోనూ తగులుకుంటుంది.

పెట్రోలు మూత కారుతుందా అన్నది ఎవరూ చూడరు. మిషన్ నేల మీద నిలబెట్టి ఉన్నప్పుడు కారదు. తలకిందులుగా, పక్కకు వేలాడినప్పుడు కారుతుంది, నీ తొడ మీద. ట్యాంకు నింపించి, బారు కిందికి వచ్చేలా ఒక పావుగంట మేకుకు తగిలించి, కింద పేపరు వేయించు. పేపరు మీద మచ్చ కనపడకూడదు. దుకాణంవాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ, వేలకు వేలు పోసి కొంటున్నాం.

ఇక ఏది అన్న ప్రశ్న. నాకు తెలిసిన పెద్ద కంపెనీల్లో ఈ సైజు మిషన్ల లెక్కలు ఇలా ఉంటాయి. స్టిల్‌లో ఎంఎస్ 201 టీసీ-ఎం 35.2 సీసీ, 3.7 కేజీలు, 1.8 కిలోవాట్లు. దానికంటే చిన్నది ఎంఎస్ 151 టీసీ-ఈ, 23.6 సీసీ, 2.6 కేజీలు. హస్క్‌వర్నాలో టీ435 అయితే 35.2 సీసీ, 3.4 కేజీలు, 1.5 కిలోవాట్లు. అదే కంపెనీలో పై మెట్టు టీ540 ఎక్స్‌పీ, 37.7 సీసీ, 3.9 కేజీలు. ఎకో సీఎస్-2511 టీఈఎస్ 25 సీసీ, 2.3 కేజీలే, ఈ జాతిలో అంత తేలికైన పెట్రోలు మిషన్ అరుదు. ఇవన్నీ ఖాళీ బరువులు. వీటిలో మన దగ్గర ఏది స్టాకు ఉంటుంది, ఏది తెప్పించుకోవాలి అన్నది నెల్లూరు, ఒంగోలు డీలర్లను ఫోన్ చేసి కనుక్కో. ఫోన్‌లో మొదటి ప్రశ్న ధర అడగవద్దు. ‘కార్బొరేటర్ కిట్టు, క్లచ్ డ్రమ్ము, స్టార్టర్ స్ప్రింగు మీ దగ్గర ఇప్పుడు ఉన్నాయా’ అని అడుగు. లేవు, చెన్నై నుంచి పది రోజుల్లో వస్తాయి అంటే ఆ పది రోజులూ నీకు పని లేదన్నమాట.

ఒక్క తిరకాసు ఉంది. ఖరీదైన మోడళ్ళలో కార్బొరేటర్‌ను కంప్యూటరే సర్దుకుంటుంది, స్క్రూలు ఉండవు. బాగా నడిచినంత కాలం స్వర్గం. మొరాయిస్తే మన స్టోన్‌హౌస్‌పేట మెకానిక్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో అయ్యే పని కాదు, కంపెనీవాడి కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. కావలిలో ఉండి పని చేసే నీలాంటివాడికి మొదటి మిషన్‌గా మామూలు స్క్రూల కార్బొరేటర్ ఉన్న 30 నుంచి 35 సీసీదే నా ఓటు. టీ435 తరహాది. బారు 12 అంగుళాలు చాలు. 14 పెట్టమని డీలరు అంటాడు, ఒప్పుకోవద్దు. 12 అంగుళాల బారుతో రెండు వైపుల నుంచి కోస్తే 20 అంగుళాల మాను దాకా వస్తుంది. అంతకన్నా లావు మాను వచ్చే ఎత్తుకు దిగేసరికి నీ కాళ్ళు దాదాపు నేల మీదే ఉంటాయి, అక్కడికి 58 సీసీది తెప్పించుకో.

25 సీసీ చైనా మిషన్ సంగతి. అది చెడ్డది అనను. నా దగ్గర కూడా ఒకటి ఉంది, రెండో మనిషికి ఇవ్వడానికి. కంపెనీదాని ధరలో చిన్న వంతుకే వస్తుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. మునగ, కానుగ, బాదం కొమ్మలకు దండిగా సరిపోతుంది. కానీ ఒకటి బాగుంటే ఇంకొకటి బాగుండదు, ఒకే పెట్టెలో పక్కపక్కన వచ్చినవే. కొంటే రాగానే దానితో వచ్చిన చైను తీసి పక్కన పడేసి మంచి చైను వేయి. ఐడిల్, బ్రేకు, రింగు పైన చెప్పినట్టు చూడు. రింగు లేకపోతే వెనక ఇంజిన్ ఒంటికి బోల్టుతో పట్టీ చేయించు. వారం రోజులు తక్కువ ఎత్తు కొమ్మల్లో వాడి చూసి, నమ్మకం కుదిరాకే పైకి తీసుకెళ్ళు.

బ్యాటరీ మిషన్లు రెండు రకాలు. కంపెనీ పైపిడి బ్యాటరీ మిషన్లు నిజంగా మంచివి. లాగే పని లేదు, ఐడిల్ లేదు, ఆక్సిలేటర్ వదిలితే చచ్చినట్టు ఆగుతుంది. నేను కోవూరులో పడ్డ బాధ వాటితో రాదు. పైన ఏం మాట్లాడినా కింద తాడు పట్టినవాడికి వినపడుతుంది. నాకు డబ్బులుంటే రెండోదిగా అదే కొంటాను. కానీ రోజంతా పని చేయాలంటే రెండు మూడు బ్యాటరీలు కావాలి, ఒక్కో బ్యాటరీ ధర వింటే ఇంటికి వెళ్ళబుద్ధి కాదు. తుఫాను పనులప్పుడు మూడేసి రోజులు కరెంటే ఉండదు, ఎక్కడ చార్జింగ్ పెడతావు? పెట్రోలు బంకులో క్యూ అయినా కదులుతుంది.

రెండో రకం ఆన్‌లైన్‌లో నాలుగంగుళాలు, ఆరంగుళాల బారుతో వచ్చే బొమ్మ మిషన్లు. బ్యాటరీ మీద 48 వి అని రాసి ఉంటుంది. ఒకటి విప్పి చూశాను, లోపల ఐదు సెల్స్. ఫుల్ చార్జింగ్‌లో ఒక్కో సెల్ 4.2 వోల్టులు, ఐదూ కలిపితే 21. మిగతా 27 వోల్టులు స్టిక్కర్‌లో ఉన్నాయి. నిమ్మతోటలో కొమ్మలు కత్తిరించుకునే రైతుకు బాగానే పనికొస్తుంది, పొదలకూరు వైపు చాలామంది వాడుతున్నారు. నీ వృత్తికి పనికిరాదు. దానికి చైను బ్రేకు కూడా ఉండదు.

నీ డబ్బుల్లో సగం రంపానికి పోకూడదు. నువ్వు ఎన్ని వేలు పెట్టదలచుకున్నావో చెప్పలేదు గానీ, ఎంతైనా సరే ముందు తాడు, బెల్టు. ఇందాక వరస గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. బిల్డింగ్ పనుల్లో వేసుకునే ఫుల్ బాడీ బెల్టు కొనేసి అదే చాలనుకుంటారు. దానికి కొక్కెం వీపు వెనక ఉంటుంది, పడితే ఆపడానికి. మనకు నడుముకు రెండు పక్కలా రింగులు ఉన్న, కూర్చుని పని చేసే బెల్టు కావాలి. పై కొమ్మకు వేసిన ప్రధాన తాడు ఒకటి. మాను చుట్టూ తిప్పి రెండు పక్క రింగులకు తగిలించే పొట్టి తాడు ఇంకొకటి. ఆ పొట్టిదాంట్లో లోపల ఇనుప తీగ ఉన్న రకం తీసుకో. చైను తగిలితే తీగ కూడా తెగుతుంది, కాకపోతే నూలు తాడులా కన్నుమూసి తెరిచేలోపు తెగదు. మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ ఈ రెండూ తగిలించి ఉండాలి. ఒకటి తెగినా రెండోది ఉంటుంది. మా మామకు మోకు ఒకటే ఉండేది, కానీ ఆయన చేతిలో చైను మిషన్ లేదు, కత్తి ఉండేది. రెండు తాళ్ళూ ఉంటే నిలబడే తీరు కుదురుతుంది. నిలబడే తీరు కుదిరితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఒంటిచేత్తో కోసే మిషన్ కోసం వెతికేవాడికి నిజంగా కావలసింది రెండో తాడు.

ఇంకొకటి, చేతిరంపం. వంకీగా ఉండి, లాగినప్పుడు కోసే రకం, అడుగు పొడుగుది. ఒరతో సహా కాలికి కట్టుకో. మణికట్టు లావు కొమ్మల దాకా దానితోనే కోస్తాను. మిషన్ స్టార్ట్ చేసి, బ్రేకు తీసి, కోసి, మళ్ళీ తగిలించేలోపు చేతిరంపంతో రెండు కొమ్మలు పడతాయి. చెయ్యి చాచి ఒంటిచేత్తో కోయాలనిపించే ప్రతి కొమ్మా నిజానికి చేతిరంపం కొమ్మే. మచ్చుకత్తి మాత్రం పైకి తీసుకెళ్ళవద్దు, విసిరేటప్పుడు అది తాడును చూసుకోదు.

కాళ్ళకు కోత తగలని ప్యాంటు ఉంటుంది. లోపల పొడుగాటి దారాలు ఉంటాయి, చైను తగిలితే అవి పళ్ళచక్రానికి చుట్టుకుని ఆపేస్తాయి. మన ఎండకు దాన్ని వేసుకోవడం శిక్షే. అందుకని రోహిణి కార్తెలో పొద్దున ఐదున్నరకు ఎక్కి పదిలోపు దిగిపోతాను. ప్యాంటు మానను, టైము మారుస్తాను.

చైను పదును సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి, చిన్న మిషన్ బతుకంతా అక్కడే ఉంది. పెద్ద మిషన్ మొండి చైనుతో కూడా బలవంతంగా కోసేస్తుంది. చిన్నది కోయదు. నువ్వు నొక్కుతావు, నొక్కితే నీ కాలు జారుతుంది. ఈ 12 అంగుళాల బారులకు ఎక్కువగా 3/8 లో-ప్రొఫైల్ (పొట్టి పళ్ళ) చైను వస్తుంది, దానికి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. నీ పెద్దదానికి 0.325 చైను అయి ఉంటుంది, దానికి 4.8. ఆ ఆకురాయితో ఇది రుద్దితే పళ్ళు పాడవుతాయి. రోజు పని అయ్యాక మొద్దు మీద బారు బిగించి, ఒక పన్నుకు గుర్తు పెట్టుకుని, ఒక్కో పన్నుకు మూడు నాలుగు తోపులు, లోపల నుంచి బయటికే. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి పైకెత్తు. ఒక వైపు పళ్ళన్నీ అయ్యాక రెండో వైపు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ రుద్దితే కోత నిలువుగా పోకుండా వంకర తిరుగుతుంది. పొట్టు చూస్తే తెలిసిపోతుంది. పదునున్నప్పుడు పొట్టు చిన్న చిన్న రేకుల్లా పడుతుంది, మొండిబారితే పిండిలా.

మన చెట్ల గుణం కూడా తెలియాలి. సర్కారు తుమ్మ, ముదిరిన చింత చేవ పదునును తినేస్తాయి. సముద్రపు ఒడ్డు సరుగుడు చూడడానికి మెత్తన, కానీ బెరడు పగుళ్ళలో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఉంటుంది. కోసే చోట బెరడు కత్తితో చెక్కి మొదలుపెట్టు, లేకపోతే రెండు కోతల్లో చైను పోతుంది. కొబ్బరి మాను పీచు, బారు బిగించే పక్కమూత లోపల దట్టంగా అట్ట కట్టుకుని ఆయిల్ దారి మూసేస్తుంది, ట్యాంకు నింపే ప్రతిసారీ ఆ మూత విప్పి దులపాలి. ఇళ్ళలో వేపచెట్లకు మేకులు, దండెం తీగలు మాను లోపల కలిసిపోయి ఉంటాయి, ఇంటి ముసలామెను అడిగితే ఎక్కడెక్కడ కొట్టారో చెబుతుంది. ఈ నాలుగైదేళ్ళలో వేపకు కొమ్మలు చివర్ల నుంచి ఎండే తెగులు ఎక్కువైంది. ఎండిన కొమ్మకు తాడు వేయవద్దు. మునగ, నేరేడు, తురాయి చెప్పకుండా విరుగుతాయి. నిద్రగన్నేరు మీద పెద్ద తేనెతుట్టె ఉంటే మిషన్ శబ్దానికి లేస్తాయి. ఆ రోజు కూలి పోయినా సరే దిగిపో.

పెట్రోల్లో ఆయిల్ అంచనాగా మూతతో పోయవద్దు. పుస్తకంలో 50:1 ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 ఉంటే 40. మందుల షాపులో ఐదు రూపాయల సిరంజి కొని కొలిచి పో. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది గాల్లో తేమను లాక్కుంటుంది, కార్బొరేటర్లో పల్చటి రబ్బరు పొరలు గట్టిపడతాయి. వారం పని లేకపోతే ట్యాంకు ఒంపేసి, ఆగిపోయేదాకా ఐడిల్‌లో నడిపించి పెట్టు. చైను ఆయిల్‌కు మనవాళ్ళు బండి నుంచి తీసిన నల్ల ఆయిల్ పోస్తారు. అందులో ఇనుప రజను ఉంటుంది, పంపు అరుగుతుంది, పైగా నీ చొక్కా మీద చిమ్ముతుంది. బారు ఆయిల్ దొరక్కపోతే కొత్త ఇంజిన్ ఆయిలే పో.

కరెంటు తీగల దగ్గర పని అయితే లైన్‌మన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపించడం) తీసుకోకుండా ఎక్కవద్దు. మనకు కరెంటు కంపెనీ నెల్లూరులో ఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్. ‘కరెంటు పోయింది కదా, ఎక్కేద్దాం’ అనేది మాత్రం వద్దు. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానప్పుడు ఊరంతా చీకటి, ఒక వీధిలో తీగ మీద పడ్డ కొమ్మ తీయడానికి ఎక్కబోతుంటే లైన్‌మన్ ఆపాడు. పక్క ఇంట్లో జనరేటర్ తిరుగుతోంది. సరిగ్గా వైరింగ్ చేయని జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి లైన్లోకి వస్తుంది. ఆయన టెస్టర్ పెట్టి, రెండు వైపులా తీగలు షార్ట్ చేసి ఎర్తింగ్ వేశాకే సరే అన్నాడు. అలాగే పూర్తిగా చెట్టు తీసేసే పని అయితే 2002 వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి ఉందా అని ఇంటివాళ్ళను అడుగు, కాగితం ఫోన్‌లో ఫోటో తీసుకో. రాపూరు, ఉదయగిరి వైపు పనికి వెళ్తే మిషన్ బిల్లు కూడా బండిలో ఉంచుకో. ఎర్రచందనం అడవులు ఉన్న చోట సాయంత్రం పూట సంచిలో రంపంతో కనపడితే ముందు నిన్నే ఆపుతారు.

మిషన్ కొన్న రోజే స్పేరు చైన్లు రెండు తెచ్చుకో. బారు పక్కన, ఇంజిన్ వైపు మొదట్లో మూడు అంకెలు చెక్కి ఉంటాయి: చైను పిచ్ (లింకుల మధ్య దూరం), గాడి మందం, లింకుల సంఖ్య. అవి ఫోటో తీసి దుకాణంలో చూపించు. 12 అంగుళాల చైను అని అడిగితే మూడు రకాలు తెచ్చి ముందు పెడతాడు, అందులో రెండు నీ బారుకు ఎక్కవు.